పన్నెండు ముత్యాల గుమ్మాలు



పత్తర్‌గట్టీలో ముత్యాల కొట్ల ముందు నుంచి నడవని హైదరాబాదీ ఉండడు. కొన్నా కొనకపోయినా ఒకసారైనా లోపలికి తొంగి చూసే ఉంటాం. కొట్టాయన నల్లగుడ్డ పరిచి దాని మీద గుప్పెడు ముత్యాలు దొర్లిస్తాడు. గుండ్రటిది తిన్నగా పోతుంది. ఏ మూలో సొట్ట ఉన్నది పక్కకు తిరిగి ఆగిపోతుంది. ఇది అసలుదేనా అని అడిగామనుకోండి, రెండు ముత్యాలు తీసి ఒకదానికొకటి రాసి చూపిస్తాడు. అప్పటికీ నమ్మకపోతే పంటికి రాసి చూసుకోమంటాడు. అసలుదైతే సన్నగా గరగరలాడుతుంది, నకిలీదైతే నున్నగా జారిపోతుంది. అక్కడ శనగగింజంత మేలిముత్యం దొరకడమే గొప్ప. రేగిపండంత దాని ధర అడగడానికే మనబోటివాళ్ళం జంకుతాం.

బైబిల్లో చిట్టచివరి పుస్తకం ప్రకటన గ్రంథం. పత్మాసు ద్వీపంలో ప్రవాసంలో ఉన్న యోహాను తనకు కలిగిన దర్శనాలను అందులో రాశాడు. దాని 21వ అధ్యాయంలో ఒక నగరం కనిపిస్తుంది. దానికి పన్నెండు గుమ్మాలు. ఒక్కో గుమ్మం ఒక్కటే ముత్యం! ప్రాకారం పునాదుల్లో నీలం, పచ్చ, కెంపు, గోమేధికం, పుష్యరాగం, ఇలా పన్నెండు రకాల రాళ్ళు పొదిగి ఉన్నాయట. మన తెలుగు బైబిల్లో ఆ పన్నెండు పేర్లూ ఎన్నిసార్లు వరస పెట్టి చదివినా వజ్రం మాత్రం తగలదు. గోల్కొండ వజ్రాల ఊరివాళ్ళకు ఇది కొంచెం చిన్నతనమే. సరే, ముత్యాలైనా ఉన్నాయి, అదీ గుమ్మాలకే ఉన్నాయి కాబట్టి సర్దుకుపోదాం.

క్రైస్తవుల పరలోక నిరీక్షణ గురించి ఈ సాయంత్రం నాలుగు మాటలు చెప్పమని అడిగారు. పరలోకం అనగానే చాలామందికి మనసులో మెదిలేది క్యాలెండరు బొమ్మ. తెల్లటి మబ్బులు, రెక్కల దేవదూతలు, చేతుల్లో వీణల్లాంటివేవో. చనిపోయినవాళ్ళు ఈ దుమ్మూ ధూళీ వదిలించుకుని పైకి పోయి ఆ మబ్బుల్లో హాయిగా ఉంటారన్నది మనలో పాతుకుపోయిన ఊహ. చర్చికి పోయేవాళ్ళలోనూ ఎక్కువమంది ఊహ ఇదే. కానీ యోహాను చూసిన నగరం పైన ఉండిపోదు, అది కిందికి దిగి వస్తుంది. మనుషులు దేవుడి దగ్గరికి ఎగిరిపోవడంతో కాదు, దేవుడే మనుషుల మధ్యకు కాపురం రావడంతో ఆ పుస్తకం ముగుస్తుంది. ఇంగ్లాండుకు చెందిన బైబిలు పండితుడు ఎన్.టి. రైట్ ఈ సంగతి మీద ఒక పుస్తకమే రాశారు. సంఘం తన అసలు నిరీక్షణను మరిచిపోయి మబ్బుల బొమ్మతో సరిపెట్టుకుంటోందని ఆయన ఫిర్యాదు. నా మటుకు ఆ ఫిర్యాదు న్యాయమైనదే అనిపిస్తుంది.

యాకుత్‌పురాలో మా నాయనమ్మకు మాత్రం ఈ విషయంలో ఏ గందరగోళమూ లేదు. తన భూస్థాపనకని ఒక తెల్లచీర మడత పెట్టి ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది. కలరా ఉండలు వేసి మరీ. ఓసారి ప్రార్థన చేయడానికి వచ్చిన అయ్యగారితో, "అయ్యగారూ, చీర సంగతి కోడలికి చెప్పాను, మీరు నా కళ్ళజోడు కూడా శవపెట్టెలో పెట్టించాలి," అంది. ఆయన నవ్వి, "అక్కడ కళ్ళజోడు ఎందుకమ్మా, ప్రభువు కొత్త కళ్ళిస్తాడు కదా," అన్నారు. "ఇచ్చేదాకా?" అంది మా నాయనమ్మ. అయ్యగారు ఇంకేమీ అనలేదు. ఆమె పోయినప్పుడు కళ్ళజోడు పెట్టించారు.

"ఇచ్చేదాకా" అన్న ఆ ఒక్క ప్రశ్న రెండు వేల ఏళ్ళుగా పండితులను తిప్పలు పెడుతున్నదే. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగకు, ఆ రోజే తనతో పాటు పరదైసులో ఉంటావని మాట దొరికింది. అంటే చనిపోయిన వెంటనే ప్రభువు సన్నిధి. అదే బైబిల్లో పౌలు కొరింథువారికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం తీయండి, అక్కడ ఆయన చెప్పేది చివరి రోజున శరీరాలు లేవడం గురించి. విత్తనం మట్టిలో పడి వేరే రూపంలో మొలిచినట్టు ఈ శరీరమే మహిమ శరీరంగా లేస్తుందంటాడు. ఈ రెంటినీ కలిపి సంఘం పెద్దలు చెప్పుకున్నది ఇది: మరణం తర్వాత విశ్రాంతి ఉంది, కానీ కథ అక్కడితో అయిపోదు. మధ్యలో జరిగేది ఏమిటన్న దాని మీద మాత్రం అభిప్రాయభేదాలున్నాయి. కతోలికులు ఉత్తరించు స్థలాన్ని నమ్ముతారు, నవంబరు 2న సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి చనిపోయినవాళ్ళ కోసం పూజ చేయిస్తారు. చాలా ప్రొటెస్టెంటు సంఘాల్లో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే ఆచారం లేదు. అయినా ఆదివారం నాడు విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు ఇరువురూ ఒకే చోటికి వచ్చి ఆగుతారు. అది శరీర పునరుత్థానం, దాని వెంట నిత్యజీవం.

ఇక్కడ శరీరం అన్నది ఊరికే అలంకారానికి వాడిన మాట అనుకోకండి. సువార్తల్లో తిరిగి లేచిన యేసు ఏం చేశాడో చూడండి. శిష్యులు భూతాన్ని చూశామని హడలిపోతే, తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. వాళ్ళు కాల్చిన చేపముక్క ఇస్తే వాళ్ళ కళ్ళముందే తిన్నాడు. ఇంకోసారి తెల్లవారుజామున సముద్రతీరాన నిప్పులు రాజేసి చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలిసిపోయి వచ్చినవాళ్ళను పిలిచి ఫలహారం పెట్టాడు. చేతుల్లో మేకుల గాయాలు మానిపోలేదు, అలాగే ఉన్నాయి. క్రైస్తవుల నిరీక్షణ అంతా ఈ నిప్పుల వాసన చుట్టూనే తిరుగుతుంది. తినే నోరు, తడిమి చూడదగ్గ చెయ్యి ఉన్న జీవితం అది.

ఇక పాతబస్తీ సంగతికి వద్దాం. ఈ ఊరి పుట్టుకలోనే ఒక పరలోకం ఉంది. హిజ్రీ వెయ్యో సంవత్సరంలో, అంటే మన లెక్కన 1591లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. ఊరికి నక్షా గీసినవాడు ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ. నాలుగు దారులు కలిసే కూడలి, పారే నీళ్ళు, తోటలతో ఈ నగరాన్ని స్వర్గానికి నమూనాగా తీర్చిదిద్దాలని ఆయన అనుకున్నాడంటారు. ఆయనే ఊరి పక్కన ఒక శ్మశానాన్ని కూడా ఏర్పరిచాడు. కర్బలా మట్టి తెప్పించి అక్కడ చల్లించాడని చెప్పుకుంటారు. అదే సుల్తాన్‌షాహీ దగ్గరి దాయిరా మీర్ మోమిన్. బతికుండగా తిరగడానికి స్వర్గంలాంటి ఊరు, పోయాక పడుకోవడానికి పవిత్రమైన మట్టి. రెండూ ఒకే మనిషి ఆలోచనలు కావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. ముస్లింలు ఖయామత్ నాడు, అంటే అంతిమ దినాన, చనిపోయినవాళ్ళు లేస్తారంటారు, ఈసా, అంటే యేసు, తిరిగి వస్తాడనీ నమ్ముతారు. వివరాల్లో తేడాలు పెద్దవే, వాటిని దాచాల్సిన పనిలేదు. కానీ మట్టిలో పెట్టింది మట్టితోనే ఆఖరు కాదన్న మాట దగ్గర ఈ ఇరుగుపొరుగులకు పేచీ లేదు.

స్వర్గం నమూనాలో కట్టిన ఊరికి తర్వాత గోడ వచ్చింది. 18వ శతాబ్దంలో ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే మొదటి నిజాం పూర్తి చేయించాడు. దర్వాజాలు డజనుకు పైమాటే. లాల్ దర్వాజా, అలియాబాద్, గౌలీపురా, ఫతే దర్వాజా, యాకుత్‌పురా, ఇప్పటికీ మనం బస్సు కండక్టరుకు చెప్పే పేర్లే. నిలబడి ఉన్నవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలే. రాత్రయితే తలుపులు మూసేసేవారు. బయట ఉన్నవాడు బయటే. ఆ రోజుల్లో నగరమంటే అదే కదా, కాపలా, తలుపు, తాళం.

యోహాను చెప్పిన నగరానికీ పెద్ద గోడ ఉంది, గుమ్మాలూ ఉన్నాయి. కానీ ఆ గుమ్మాలు మూయరు. అక్కడ రాత్రన్నదే లేదు కాబట్టి మూసే వేళ రాదు. నేను అన్నింటికన్నా ఎక్కువసార్లు ఆగి చదివేది ఈ ఒక్క వివరమే. 1990 డిసెంబరు అల్లర్లు తెలిసినవాళ్ళు పాతబస్తీలో ఇంకా ఉన్నారు. కర్ఫ్యూ సడలించిన ఆ కాస్త సేపట్లో పాలకీ బియ్యానికీ పరుగులు పెట్టి, సైరన్ వినిపించేలోపు తలుపు గడియ వేసుకున్నవాళ్ళు. వాళ్ళకు పగలూ రాత్రీ తెరిచి ఉండే గుమ్మం అంటే ఏమిటో వేరే వివరించనక్కర్లేదు. ఆ దర్శనంలోనే ఇంకో మాట కూడా ఉంది. ఆ నగరంలో దేవాలయం కనిపించలేదంటాడు యోహాను. దేవుడే అక్కడ ఉన్నప్పుడు ఇక ఆలయం దేనికి? ఆరాధన స్థలాల గురించి ఇన్ని గొడవలు చూసిన ఊళ్ళో ఈ మాట చదివితే గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

నగరం మధ్యలో ఒక నది పారుతుంది, దానికి ఇటూ అటూ జీవవృక్షం, దాని ఆకులు జనాలను స్వస్థపరచడానికట. మన ఊరి నది మూసీ. 1908 సెప్టెంబరు 28న అది ఊరిని ముంచేసింది. పోయినవాళ్ళు 15 వేలమంది ఉంటారని అంచనా. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని ఆ ఒక్కరోజే పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. రోగుల బంధువులు దాని నీడలో సద్దిమూట విప్పుకుంటారు. నది, చెట్టు, ఆసుపత్రి అన్నీ ఒక్కచోట కనిపిస్తున్నాయని పాస్టర్లు దీన్ని ప్రసంగానికి భలే ఉదాహరణ చేస్తారేమో తెలియదు, నేను చేయను. ఎందుకంటే ఆ చెట్టు అందనివాళ్ళే ఎక్కువ. వేలమందిని నీళ్ళు తీసుకుపోయాక, చెట్టు మీద మిగిలిన నూటయాభై మందిని చూపించి దేవుడి దయ అనేస్తే అంజద్‌లాంటి వాళ్ళకు మనం ఏం జవాబు చెప్పినట్టు? నీళ్ళు మింగినవాళ్ళు సైతం లేవాలి. అంతకు తక్కువైతే నిరీక్షణ అన్న పేరు దానికి నప్పదు. సముద్రం తనలోని మృతులను తిరిగి అప్పగిస్తుందని యోహాను రాసింది అందుకే అనుకుంటాను.

ఫలక్‌నుమా వైపు వెళ్ళే లోకల్ రైలు ఉప్పుగూడలో ఆగుతుంది. ఆ ఉప్పుగూడలోనే, ఇళ్ళ మధ్య, పాతబస్తీలోని క్రైస్తవ సమాధుల్లో బహుశా అతి పాతవి ఉన్నాయి. అవి ఆర్మేనియన్లవి. కొన్ని డచ్చివారివి. 17వ శతాబ్దంలో ఈ ఊరికి వజ్రాల కోసం, బట్టల కోసం వచ్చిన వర్తకులు వీళ్ళు. ఆర్మేనియన్ల కథ ఇంకా వెనక మొదలవుతుంది. వాళ్ళ సొంత ఊరు అరాస్ నది ఒడ్డున జుల్ఫా. 1604-05లో పర్షియా పాలకుడు షా అబ్బాస్ ఊరు ఊరంతటినీ లేపి ఇస్ఫహాన్‌కు తోలుకుపోయాడు. అక్కడ వాళ్ళు కొత్త జుల్ఫా కట్టుకున్నారు. ఆ కొత్త జుల్ఫా వర్తకులు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మనీలా దాకా తిరిగారు. అలా తిరుగుతూ హైదరాబాదు వచ్చి, కొందరు ఇక్కడే కన్నుమూశారు. పోయినవాళ్ళలో పురోహితులు కూడా ఉన్నారు. సమాధిరాళ్ళ మీద చెక్కిన ఆర్మేనియన్ లిపి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు ఎవరికీ చదవడం రాదు. మెస్రోవ్ జేకబ్ సేత్ అనే చరిత్రకారుడు 1937లో అచ్చయిన తన పుస్తకంలో ఇండియాలోని ఇలాంటి ఆర్మేనియన్ సమాధుల గురించి ఓపికగా రాసి ఉంచాడు, లేకపోతే మనకు ఇంతమాత్రం కూడా తెలిసేది కాదు.

ఒకసారి ఇల్లు పోగొట్టుకుని, రెండో ఇల్లు కట్టుకుని, మూడో చోట మట్టిలో కలిసినవాళ్ళు వీళ్ళు. పితరులు ఈ భూమి మీద పరదేశులుగా బతికి దేవుడు కట్టే నగరం కోసం ఎదురుచూశారని హెబ్రీ పత్రికలో ఉంది. అది చర్చిలో కుర్చీ మీద కూర్చుని వింటే ఒక తీరు. ఉప్పుగూడలో ఎవరికీ అర్థం కాని లిపి కింద పడుకున్నవాళ్ళను తలుచుకుని వింటే మరో తీరు. క్రైస్తవులు చాలాచోట్ల కాళ్ళు తూర్పుకు వచ్చేలా పాతిపెట్టడం పాత ఆచారం. లేచి నిలబడితే వచ్చే ప్రభువుకు ఎదురుగా ఉండాలని. ఎంత అమాయకమైన ఏర్పాటో అంత మొండి ఏర్పాటు కూడా.

ఆర్మేనియన్ల సమాధులంటే ఇంకో కథ గుర్తొస్తుంది. హెన్రీ మార్టిన్ అనే ఆంగ్లేయుడు కొత్త నిబంధనను ఉర్దూలోకీ పర్షియన్‌లోకీ తెచ్చాడు. 1812లో ఇంటికి తిరిగి వెళుతూ టర్కీలోని టోకాట్‌లో జబ్బుపడి 31 ఏళ్ళకే పోయాడు. తనవాళ్ళు ఒక్కరూ దగ్గర లేరు. అక్కడి ఆర్మేనియన్లే తమ శ్మశానంలో అతణ్ణి పాతిపెట్టారు. అతని పేరుతో 1930లో లాహోర్‌లో మొదలైన హెన్రీ మార్టిన్ సంస్థ చివరికి మన హైదరాబాదుకు వచ్చి స్థిరపడింది. 1990 అల్లర్ల తర్వాత సుల్తాన్‌షాహీలో హిందూ ముస్లిం కుటుంబాలను కలుపుకుని పిల్లల చదువు, ఆడవాళ్ళ కుట్టుపని లాంటి పనులు మొదలుపెట్టింది. ఉప్పుగూడ అక్కడికి దగ్గరే.

ఇప్పుడు గుర్రం జాషువా దగ్గరికి రాకుండా తెలుగులో శ్మశానం గురించి మాట్లాడలేం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వస్తే జనం లేచి కూర్చునేది ఆయన పద్యాల కోసమే. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, తర్వాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నవాడు. కానీ ఆ శ్మశానవాటి పద్యాల్లో ఆయన ఆర్తి మరోలా ఉంటుంది. ఏళ్ళకేళ్ళు గడిచినా ఇక్కడ కళ్ళు మూసిన ఏ దురదృష్టవంతుడూ తిరిగి లేవలేదే అని వాపోతాడు. దీన్ని అవిశ్వాసం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. కళ్ళముందు కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాడు ఆయన. ఒక్కడూ లేవలేదన్నది నిజం. క్రైస్తవుల వాదన అంతా ఒకే ఒక్కడు లేచాడన్న దాని మీద నిలబడింది. ఆ ఒక్కటి అబద్ధమైతే మనకంటే దౌర్భాగ్యులు లేరని పౌలే ఒప్పుకున్నాడు. ఇంత సూటిగా తన మెడ మీదికి తానే తెచ్చుకున్న మతగురువు అరుదు.

అంటరానివని ఊరు దూరం పెట్టిన శరీరాలకు, ఈ శరీరమే మహిమతో లేస్తుందన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. ఇక్కడే ఒక ఎత్తిపొడుపు కూడా వస్తుంది. ఆకలితో ఉన్నవాడికి పరలోకం చూపించి నోరు మూయిస్తారని. కొన్నిచోట్ల అది జరిగింది కూడా, కాదనను. కానీ ఒంగోలులో మిషనరీ క్లౌ దొర 1876-78 కరువులో మొదట చేసింది బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మాలమాదిగలకు కూలి ఇప్పించడం. ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వనన్నాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పని అయ్యాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్‌లో కూడా పోస్నెట్ దొర కరువు రోజుల్లో కూలికి తిండి పెట్టి కట్టించిన గుడికే 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది.

చివరగా మన సందుల్లో జరిగే సంగతి ఒకటి. ఇంట్లో ఫ్రీజర్ పెట్టె ఉంటుంది, బయట షామియానా, దాని కింద ఎర్ర కుర్చీలు, ప్రభువునందు నిద్రించారని ఫ్లెక్సీ. డప్పు, తబలాలతో పాటలు నడుస్తుంటాయి. ఎవరో పెద్దాయన వచ్చి, పరలోకానికి వెళ్ళింది కదమ్మా, ఏడవకూడదు, మన సాక్ష్యం పోతుంది అంటాడు. కూతురు కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఆ పెద్దాయన మంచివాడే, కానీ ఆ మాట బైబిల్లో లేదు. బేతనియలో లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. ఇంకాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని ఆయనకు తెలుసు, అయినా ఏడ్చాడు. తర్వాత రాయి తీసేయమన్నాడు. నాలుగు రోజులైంది, వాసన వస్తుందని అతని తోబుట్టువు మార్త అడ్డుపడింది. లాజరు గుడ్డలు చుట్టి ఉన్న కాళ్ళతో, చేతులతో బయటికి వచ్చాడు. అప్పుడు యేసు చుట్టూ నిలబడ్డ జనం వైపు తిరిగి, ఆ కట్లు విప్పి అతణ్ణి పోనివ్వమన్నాడు. లేపడం ఆయన పని. కట్లు విప్పే పని మాత్రం పక్కింటివాళ్ళకు అప్పజెప్పాడు.